అగ్నిరాశికీ జలరాశికీ పొత్తు కుదరదా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో కొత్తపేటలో ఉంటాము. మా అమ్మాయికి కూకట్‌పల్లి నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయిది అనూరాధ నక్షత్రం, వృశ్చికరాశి. అబ్బాయిది ఉత్తర ఒకటో పాదం, సింహరాశి. మా పంతులుగారు పొంతన చూసి నిశ్చింతగా చేసుకోవచ్చన్నారు. పిల్లలు కూడా మాట్లాడుకుని ఇష్టపడ్డారు. తాంబూలాలు పుచ్చుకుందామనుకునే సమయానికి అబ్బాయి తల్లిగారు ఫోను చేశారు. ఎవరో జ్యోతిష్కుడి వీడియో చూశారట. అబ్బాయిది అగ్నిరాశి, అమ్మాయిది జలరాశి కాబట్టి నీళ్ళు పడి నిప్పు ఆరినట్టు అబ్బాయి ఎదుగుదల ఆగిపోతుందని భయపడుతున్నారు. ఆ జ్యోతిష్కుణ్ణి సంప్రదిస్తే, పంచభూత శాంతి హోమం చేయించి అమ్మాయి వేలికి పగడం పెట్టిస్తే దోషం పోతుందనీ, ముప్పై ఐదు వేలు అవుతుందనీ చెప్పాడట. "నిప్పూ నీళ్ళూ రెండూ ఉంటేనే కదా అన్నం ఉడికేది" అని మా ఆడపడుచు సర్దిచెప్పబోయింది గాని వాళ్ళు వినలేదు. ఇది చాలదన్నట్టు, మా అమ్మాయి పుట్టిన తేదీ ఆగస్టు 5 కాబట్టి ఆమెది సింహరాశి, అగ్నితత్త్వం అని ఫోనులోని యాప్ చూపిస్తోంది. ఇంతకీ మా అమ్మాయి నిప్పా, నీళ్ళా? భూతాలు ఐదైతే రాశులకు నాలుగే ఎందుకు చెబుతారు, ఆకాశం ఏమైంది అని మావారు అడుగుతున్నారు. మా అమ్మాయేమో ఇవన్నీ వదిలెయ్యమంటోంది. మమ్మల్ని ఏం చేయమంటారు?

— ఒక తల్లి, కొత్తపేట

సమాధానం: అమ్మా, ముందుగా మీకు కావలసిన మాట చెప్పి, ఆ తరువాత కారణాలు వివరిస్తాను. మీ పంతులుగారు ఏ పద్ధతి ప్రకారం పొంతన చూశారో ఆ పద్ధతిలో, ఒకరిది అగ్నిరాశి, మరొకరిది జలరాశి అన్న కారణంతో సంబంధాన్ని తోసిపుచ్చే నియమం లేదు. పైగా సింహానికీ వృశ్చికానికీ మధ్య ఉన్న దూరం మన గుణమేళనంలో పూర్తి గుణాలు తెచ్చిపెట్టే దూరం. మీ వియ్యాలవారికి కలిగిన భయానికి మూలం గ్రీకు దేశంలో పుట్టి, పాశ్చాత్య జ్యోతిషంలో పెరిగి, ఈ మధ్య ఫోన్ల ద్వారా మన ఇళ్ళలోకి వచ్చిన ఒక సూత్రం. దాన్ని తెచ్చి మన జాతకచక్రం మీద అతికించడం వల్లనే ఈ చిక్కు వచ్చింది.

మీ అమ్మాయి నిప్పా, నీళ్ళా అన్న సందేహం ముందు తీర్చుకుందాము. మన వాడుకలో "మీది ఏ రాశి" అని అడిగితే చెప్పేది జన్మరాశి, అంటే పుట్టిన వేళకు చంద్రుడు ఉన్న రాశి. చంద్రుడు రాశిచక్రమంతా ఇంచుమించు 27 రోజుల్లో తిరిగి వస్తాడు కనుక ఒక్కొక్క రాశిలో రెండుంపావు రోజులే ఉంటాడు. అందుకే మనవాళ్ళు తేదీతో సరిపెట్టుకోక పుట్టిన గంట, నిమిషం కూడా అడుగుతారు. ఉగాదినాడు రవీంద్రభారతిలోనైనా, మీ వీధి చివరి గుడిలోనైనా పంచాంగ శ్రవణంలో చదివే ఆదాయవ్యయాలు, రాజపూజ్యావమానాలు ఈ జన్మరాశికి సంబంధించినవే. యాప్ చూసేది సూర్యుడు ఉన్న రాశిని. సూర్యుడు నెలకొక్క రాశి మారుతాడు కనుక దానికి పుట్టిన తేదీ ఒక్కటి చాలు, గంటతో పనిలేదు. పత్రికలకూ యాప్‌లకూ అది ఎంతో సుళువు. పుట్టిన తేదీని బట్టి అందరికీ ఫలాలు రాసే అలవాటుకు వయస్సు కూడా పెద్దగా లేదు. 1930లో లండన్‌లోని సండే ఎక్స్‌ప్రెస్ పత్రికలో ఆర్. హెచ్. నేలర్ అనే జ్యోతిష్కుడు, అప్పుడే పుట్టిన రాకుమారి మార్గరెట్ జాతకం రాసిన తరువాతనే ఆ శీర్షికలకు అంత గిరాకీ వచ్చింది.

అయితే సూర్యుణ్ణే ప్రమాణంగా తీసుకున్నా, మన లెక్కలో మీ అమ్మాయిది సింహం కాదు. దీన్ని గ్రహించడానికి సంక్రాంతి పండుగను తలచుకుంటే చాలు. సూర్యుడు మకరంలో ప్రవేశించే రోజును మనం జనవరి 14న గాని 15న గాని జరుపుకుంటాము. యాప్‌లో మాత్రం మకరరాశి డిసెంబరు 22 ప్రాంతంలోనే మొదలవుతుంది. పాశ్చాత్యులు వసంతకాలంలో పగలూ రాత్రీ సమానమయ్యే బిందువునుంచి మేషాన్ని లెక్కపెడతారు. దీనికి సాయన పద్ధతి అని పేరు. మనవారు స్థిర నక్షత్రాలను ఆధారంగా పెట్టుకుంటారు. ఇది నిరయన పద్ధతి. ఆ సమరాత్ర బిందువు ఏడాదికి సుమారు 50 వికలల చొప్పున, అంటే దాదాపు 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున, నక్షత్రాల మధ్య వెనక్కు జరుగుతూ ఉంటుంది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన భారత ప్రభుత్వం 1952లో నియమించిన పంచాంగ సంస్కరణ సంఘం ఆమోదించిన చిత్రపక్ష అయనాంశ (సాయన, నిరయన లెక్కల మధ్య ఎడాన్ని కొలిచే పద్ధతి) ప్రకారం, ఈ రెండు లెక్కలూ క్రీస్తుశకం 285 ప్రాంతంలో ఒకటిగా ఉండేవి. ఇప్పుడు వాటి మధ్య 24 డిగ్రీలకు పైగా ఎడం ఏర్పడింది. అందువల్ల ఆగస్టు 5న యాప్ సూర్యుణ్ణి సింహంలో చూపిస్తే, మన పంచాంగం కర్కాటకంలో చూపిస్తుంది. మనకు సింహ సంక్రమణం ఆగస్టు 16, 17 తేదీల్లో గాని రాదు. వృశ్చికం జలరాశి, కర్కాటకం జలరాశి. అంటే మన లెక్కలో చంద్రుణ్ణి బట్టి చూసినా సూర్యుణ్ణి బట్టి చూసినా మీ అమ్మాయిది జలమే. యాప్ చెప్పే అగ్ని వేరే కొలబద్దతో కొలిచిన మాట. ఒకే వాదంలో సగం ఆ కొలబద్దతోనూ, సగం ఈ కొలబద్దతోనూ కొలవడం మాత్రం కూడదు.

ఇక ఈ తత్త్వాల వర్గీకరణ ఎలా ఏర్పడిందో చూద్దాము. పన్నెండు రాశులనూ వరుసగా పేర్చి, మేషం మొదలుకొని అగ్ని, భూమి, వాయువు, జలం అని నాలుగు పేర్లను మూడు ఆవృత్తులు చెప్పుకుంటూ పోతే చాలు. మేషం, సింహం, ధనుస్సు అగ్ని వర్గంలోనూ, వృషభం, కన్య, మకరం భూమి వర్గంలోనూ, మిథునం, తుల, కుంభం వాయు వర్గంలోనూ, కర్కాటకం, వృశ్చికం, మీనం జల వర్గంలోనూ పడతాయి. ఒక్కొక్క వర్గంలోని మూడు రాశులనూ కలిపి గీత గీస్తే సమబాహు త్రిభుజం వస్తుంది. త్రికోణ రాశులు అనడం అందుకే. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. రాశి బొమ్మను చూసి తత్త్వాన్ని ఊహించకూడదు. నీళ్ళకుండ పట్టుకున్న కుంభం వాయురాశి. నీటి జంతువైన మొసలి రూపంతో చెప్పే మకరం భూరాశి. రాళ్ళ కింద, ఎండుటాకుల్లో తిరిగే తేలు గుర్తుగా ఉన్న వృశ్చికం జలరాశి. ఇవి వరుసలో తమ వంతు ప్రకారం పడిన పేర్లే గాని, ఆ రాశిలో నిప్పో నీరో చూసి పెట్టినవి కావు. జూన్ నెలలో మబ్బు లేని రాత్రి పది గంటల ప్రాంతంలో మీ డాబా మీదికెక్కి దక్షిణం వైపు చూస్తే, ఆకాశంలో దాదాపు సగం ఎత్తున ఎర్రగా మెరిసే జ్యేష్ఠ కనిపిస్తుంది. దానికి కుడివైపున నిలువుగా పేర్చినట్టున్న మూడు చుక్కలే మీ అమ్మాయి జన్మనక్షత్రమైన అనూరాధ. జలరాశిలోని ఆ నీలి నక్షత్రాల ఉపరితలం మన సూర్యుడి కంటే కొన్ని రెట్లు వేడిగా ఉంటుంది. చుక్కలను గుర్తుపట్టడం కష్టమనిపిస్తే, 1985 నుంచి నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ఉండనే ఉంది.

మీవారు అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది, ఎందుకంటే ఈ గందరగోళానికి తాళంచెవి అందులోనే ఉంది. మన సంప్రదాయంలో భూతాలు ఐదు. తైత్తిరీయోపనిషత్తు "ఆకాశాద్వాయుః, వాయోరగ్నిః, అగ్నేరాపః, అద్భ్యః పృథివీ" అంటూ ఒకదాని నుంచి మరొకటి పుట్టిన క్రమాన్ని చెప్పింది. గ్రీకు దేశంలో క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఎంపిడోక్లీజ్ అనే తత్త్వవేత్త సృష్టికి నిప్పు, గాలి, నీరు, మన్ను అనే నాలుగు మూలాలను చెప్పాడు. తరువాత అరిస్టాటిల్ వాటికి వేడి, చల్లదనం, తడి, పొడి అనే నాలుగు గుణాలను జంటలుగా కలిపాడు. ఐదవదైన ఈథర్‌ను ఆయన కూడా ఒప్పుకున్నాడు గాని, దాన్ని నక్షత్రమండలానికే పరిమితం చేసి భూలోకపు వస్తువులలో కలపలేదు. క్రీస్తుశకం 2వ శతాబ్దపు గ్రీకు జ్యోతిష్కుడు వెటియస్ వేలెన్స్ నాటికే ఈ నాలుగింటినీ రాశుల త్రికోణాలకు అంటగట్టడం కనిపిస్తుంది.

ఈ నాలుగు భూతాల లెక్క హైదరాబాదువాళ్ళకు కొత్తదేమీ కాదు. చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా యునానీ ఆసుపత్రిలో హకీములు చెప్పే దమ్ (రక్తం), బల్గమ్ (కఫం), సఫ్రా (పసుపు పిత్తం), సౌదా (నల్ల పిత్తం) అనే నాలుగు దోషాలకు వెనుక ఉన్నది అదే గ్రీకు చతుష్టయం. యునానీ వైద్యంలోనూ ఆకాశానికి చోటు లేదు. అదే నగరంలో ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి వెళితే పంచభూతాలతో మొదలుపెడతాడు. రెండూ పాతవే, రెండూ తమ తమ చోట పొందికగలవే. కాని ఒకదాని నాడి పట్టుకుని రెండోదాని మందు రాయడం ఏ వైద్యుడూ చేయడు.

మరి మన జ్యోతిషం ఆకాశాన్ని ఎక్కడ పెట్టింది? 6వ శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడి బృహజ్జాతకంలో దీనికి జవాబు దొరుకుతుంది. ఆయన పంచభూతాలను పంచిపెట్టింది గ్రహాలకు. కుజుడికి అగ్ని, బుధుడికి భూమి, గురువుకు ఆకాశం, శుక్రుడికి జలం, శనికి వాయువు. సూర్యచంద్రులనూ, ఛాయాగ్రహాలైన రాహుకేతువులనూ పక్కన పెడితే మిగిలే గ్రహాలు ఐదు, భూతాలు ఐదు. లెక్క చక్కగా సరిపోయింది. రాశుల త్రికోణాలకు ఆయన చెప్పింది దిక్కులను: మేషాది త్రికోణానికి తూర్పు, వృషభాదికి దక్షిణం, మిథునాదికి పడమర, కర్కాటకాదికి ఉత్తరం. పన్నెండును నాలుగుతో భాగిస్తే మూడు నిశ్శేషంగా వస్తుంది, ఐదుతో భాగిస్తే రాదు. నాలుగు దిక్కులు అమరినట్టు ఐదు భూతాలు రాశుల మీద అమరవు. ఆకాశం ఎక్కడికీ పోలేదని, గురువు దగ్గర భద్రంగా ఉందని మీవారితో చెప్పండి. రాశులకు చతుర్భూతాలను చెప్పడం తరువాతి కాలపు జ్యోతిష్కులకు కూడా అలవాటయింది. అందులో తప్పేమీ లేదు. రాశిచక్రమే గ్రీకులతో పంచుకున్నది. వరాహమిహిరుడు మేషానికి క్రియ అనీ, సింహానికి లేయ అనీ గ్రీకు పేర్లను ఉన్నవున్నట్టే వాడాడు, యవనులను ఋషులవలె గౌరవించాలని బృహత్సంహితలో బాహాటంగా రాశాడు. అరువు తెచ్చుకోవడంలో దోషం లేదు గాని, దేనితోపాటు ఏ నియమం వచ్చిందో గుర్తుంచుకోవాలి.

అగ్నికీ జలానికీ పడదన్న మాట సరిగ్గా ఇక్కడే పుట్టింది. అరిస్టాటిల్ పట్టికలో అగ్ని వేడి, పొడి. జలం చల్లదనం, తడి. రెండు గుణాల్లోనూ పూర్తి విరోధులు. దీనికి తోడు, పాశ్చాత్య జ్యోతిషంలో 90 డిగ్రీల ఎడమున్న రాశుల మధ్య ఘర్షణ ఉంటుందనీ, 120 డిగ్రీల ఎడమున్నవాటి మధ్య సామరస్యం ఉంటుందనీ సూత్రం ఉంది. సింహానికీ వృశ్చికానికీ మధ్య ఎడం 90 డిగ్రీలు కాబట్టి వాళ్ళ పద్ధతిలో ఆ జంట కష్టమైన జంట. ఆ పద్ధతిని పాటించేవారు అలా చెబితే అది వారి శాస్త్రానికి న్యాయమే. మన దగ్గర ఆ 90 డిగ్రీల సంబంధాన్నే కేంద్రం అంటారు, దాన్ని బలంగా భావిస్తారు. ఇక ఉపనిషత్తు వాక్యాన్ని మళ్ళీ చూడండి: "అగ్నేరాపః", అగ్ని నుంచి నీరు పుట్టింది. మన సృష్టిక్రమంలో ఆ రెంటికీ ఉన్నది తల్లీబిడ్డల వరుస. మీ ఆడపడుచు చెప్పిన అన్నం మాట సరదాగా ఉంది గాని, దానివల్ల పని జరగకపోవడం సహజమే. అవతలివారు ఒక పోలికతో భయపడినప్పుడు మనం ఇంకో పోలిక చెబితే, ఎవరి పోలిక బాగుందన్న పోటీ మిగులుతుంది. వారి ముందు పెట్టవలసింది పంచాంగంలోని పట్టికను.

ఆ పట్టిక సంగతి చూద్దాము. వధూవరుల గుణమేళనంలో ఎనిమిది కూటాలున్నాయి. వర్ణానికి 1, వశ్యానికి 2, తారకు 3, యోనికి 4, గ్రహమైత్రికి 5, గణానికి 6, భకూటానికి అంటే రాశికూటానికి 7, నాడికి 8, వెరసి 36 గుణాలు. సగం, అంటే 18 దాటితే సంబంధం చేసుకోవచ్చని సామాన్య నియమం. మీ పిల్లల విషయంలో అనూరాధది మధ్యనాడి, ఉత్తరది ఆదినాడి. నాడులు వేరు కాబట్టి 8కి 8 వచ్చాయి. వృశ్చికాధిపతి కుజుడు, సింహాధిపతి సూర్యుడు. ఇద్దరూ పరస్పరం మిత్రులు కాబట్టి 5కి 5. సింహం నుంచి వృశ్చికం నాలుగోది, వృశ్చికం నుంచి సింహం పదోది. భకూటంలో ఈ 4-10 సంబంధం శుభం కాబట్టి 7కి 7. ఈ మూడింటితోనే 20 గుణాలు చేరి పొంతన గట్టెక్కింది. గణం కూడా అమ్మాయిది దేవగణం, అబ్బాయిది మనుష్యగణం కాబట్టి అక్కడా పేచీ లేదు. మీ పంతులుగారు నిశ్చింతగా చేసుకోవచ్చన్నది ఇందుకే.

తత్త్వాల విభజన ఈ పట్టికలో అసలే లేదా అంటే, ఒక చోట మారుపేరుతో ఉంది. వర్ణకూటంలో కర్కాటక, వృశ్చిక, మీనాలను విప్రరాశులనీ, మేష, సింహ, ధనుస్సులను క్షత్రియరాశులనీ, వృషభ, కన్య, మకరాలను వైశ్యరాశులనీ, మిథున, తుల, కుంభాలను శూద్రరాశులనీ విభజించారు. మనుషుల కులంతో దీనికి సంబంధం లేదు, అవే నాలుగు త్రికోణాలకు పెట్టిన వేరే పేర్లు. వరుడి వర్ణం వధువు వర్ణంతో సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలని ఇక్కడి నియమం; మీ అమ్మాయిది జల త్రికోణం, అబ్బాయిది అగ్ని త్రికోణం కాబట్టి ఈ కూటంలో సున్నా వస్తుంది. దాచవలసిన పనిలేదు. 36 గుణాల్లో దీని వాటా ఒకటి. అగ్ని, జలాల తేడాకు మన శాస్త్రం కట్టిన విలువ అంతే.

ఇంకో విచిత్రం చెబుతాను. ఒకే తత్త్వానికి చెందిన రాశులు బాగా కలుస్తాయని యాప్‌లూ వీడియోలూ అదే పనిగా చెబుతుంటాయి. మేషానికి సింహం, సింహానికి ధనుస్సు, కర్కాటకానికి వృశ్చికం, ఇలాంటి జంటలన్నమాట. భకూటంలో ఇవన్నీ 5-9 సంబంధాలు. నవపంచమం అనే ఈ సంబంధాన్ని అష్టకూట పద్ధతి ద్విర్ద్వాదశ (2-12), షష్ఠాష్టక (6-8) సంబంధాలతో పాటు దోషాల్లో చేర్చి 7కి సున్నా ఇచ్చింది. పరిహారాలు, మినహాయింపులు ఉన్నాయనుకోండి, మొదటి తీర్పు మాత్రం అదే. అంటే వీడియోలోని పెద్దమనిషి సిఫారసు చేసే జంటకు మన పట్టికలో సున్నా, ఆయన భయపెట్టిన మీ జంటకు ఏడుకు ఏడు. న్యాయంగా ఒక మాట చెప్పాలి: అగ్ని, జల రాశుల జంటలన్నీ ఇలా గట్టెక్కవు. సింహానికి మీనం షష్ఠాష్టకం, కర్కాటకం ద్విర్ద్వాదశం. ఆ జంటలకు భకూటంలో సున్నా రావడం నిజమే గాని, అక్కడ లెక్కకు వచ్చేది రాశుల మధ్య దూరం. నిప్పూ నీరూ కావడంతో దానికి నిమిత్తం లేదు.

పగడం మాట విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. పగడం కుజుడి రత్నం. వరాహమిహిరుడి లెక్కలో కుజుడు అగ్నికి అధిపతి. మీ అమ్మాయి జన్మరాశి అయిన వృశ్చికానికీ ఆయనే అధిపతి. అంటే జలరాశిని ఏలుతున్నవాడు అగ్నిగ్రహమే. ధనుస్సు అగ్నిరాశి, మీనం జలరాశి. ఆ రెంటినీ ఏలేవాడు ఆకాశతత్త్వం గల గురువు ఒక్కడే. నిప్పుకూ నీటికీ పడదన్న నియమమే ఉంటే రాశ్యాధిపత్యాల ఏర్పాటు మొదటి అడుగులోనే కూలిపోవాలి. పైగా, ఆ జ్యోతిష్కుడి వాదం ప్రకారమే చూసినా, నీరు వల్ల నిప్పుకు ముప్పు అని చెప్పిన నోటితోనే నీటి వేలికి నిప్పు తొడగమనడం ఏం తర్కమో ఆయనే చెప్పాలి. పంచభూత శాంతి అని పేరు పెట్టారు గాని, గుణమేళనంలో లేని దోషానికి పరిహారం ఉండదు. ఆ ముప్పై ఐదు వేలు మీరు గాని, వియ్యాలవారు గాని ఖర్చుపెట్టవద్దు. దేవుడి మీద భక్తితో హోమం చేయించుకోవాలనిపిస్తే అది వేరు విషయం. భయపడి చేయించడం, అందులోనూ భయపెట్టినవాడి చేతనే చేయించడం మంచిది కాదు. ఆ ఖర్చుకు కారణంగా మీ అమ్మాయి పేరు ఎక్కడం మరీ అన్యాయం. రేపు ఆ ఇంట్లో అబ్బాయికి జలుబు చేసినా కోడలి జలతత్త్వమే గుర్తుకు వస్తుంది.

అబ్బాయి తల్లిగారితో మాట్లాడేటప్పుడు ఆమె నమ్మకాన్ని వెక్కిరించినట్టు ఉండకూడదు. కొడుకు ఎదుగుదల గురించి ఏ తల్లికైనా బెంగ ఉంటుంది. ఫోనులో వాదించకుండా మధ్యవర్తిని వెంటబెట్టుకుని వెళ్ళండి, లేదా వాళ్ళను మీ ఇంటికి పిలవండి. "వదినగారూ, మీ అబ్బాయి మేలు మాకూ ముఖ్యమే. మీ పురోహితులవారినీ మా పంతులుగారినీ ఒకచోట కూర్చోబెట్టి పంచాంగంలోని గుణమేళన పట్టిక చూపించమందాము. అందులో అగ్నిరాశికి జలరాశి పనికిరాదని ఎక్కడైనా ఉంటే వారు చెప్పినట్టే చేద్దాము" అనండి చాలు. ఆ షరతు ఒప్పుకోవడానికి మీరు జంకనక్కరలేదు. వాళ్ళు నమ్మే పురోహితుడి నోటితోనే ఆ మాట వస్తే, మీరూ నేనూ చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. అప్పటికీ వీడియోలోని మాటకే కట్టుబడి ఉంటామంటే, ఆ ఇంట్లో రేపు ఇంకెన్ని వీడియోలు చూస్తారో, వాటికి అబ్బాయి ఏమాత్రం ఎదురు చెప్పగలడో మీ అమ్మాయి అతన్నే సూటిగా అడగాలి. ఆ ప్రశ్న మీరు అడగడం కంటే ఆమె అడగడం నయం.

మీ అమ్మాయి మాటను కూడా తీసిపారెయ్యకండి. జాతకాలు మనిషి స్వభావాన్నీ భవిష్యత్తునూ ఎంతవరకు పట్టిస్తాయన్నది పరీక్షకు నిలవని విషయమని చెప్పడానికి ఆమెకు తగిన ఆధారాలే ఉన్నాయి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ మరికొందరితో కలిసి 2008లో మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు. చదువులో బాగా రాణించిన పిల్లల జాతకాలు 100, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు 100 సేకరించి, ఒక్కొక్క జ్యోతిష్కుడికి 40 చొప్పున ఇచ్చి ఏది ఏ వర్గానిదో చెప్పమన్నారు. పాల్గొన్న 27 మంది చెప్పినవాటిలో సగటున 46 శాతం సరిపోయాయి. నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి. మన హైదరాబాద్‌లోనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీని నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవ, విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని పాఠ్యాంశం చేయడాన్ని ప్రశ్నిస్తూ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆయన వాదనను అంగీకరించలేదు. నా మటుకు నేను పొంతన చూసుకోవడాన్ని పెద్దల మనశ్శాంతి కోసం పాటించే ఆచారంగా గౌరవిస్తాను. అగ్ని, జల తత్త్వాలను మనుషుల స్వభావాలను వర్ణించుకోవడానికి పూర్వులు కల్పించిన అందమైన పరిభాషగా చదువుతాను. ఒకరి ఉద్యోగం, ఆరోగ్యం, ఆయుష్షు మరొకరి రాశితత్త్వం వల్ల దెబ్బతింటాయన్న మాటను మాత్రం ఆ శాస్త్రం పేరుతో ఎవరూ అనకూడదని నా అభిప్రాయం. నమ్మేవారూ నమ్మనివారూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, నమ్మేవారు తమ శాస్త్రాన్ని సరిగ్గా చదవడం, నమ్మనివారు పెద్దల కోసం ఒక పూట ఓపికపట్టడం సాధ్యమే.

పురోహితులిద్దరినీ కూర్చోబెట్టే ముందు ఒక పని చేయండి. అబ్బాయి పుట్టిన సమయం ఆసుపత్రి కాగితంలో ఉన్నదేనా, లేక ఇంట్లో ఉజ్జాయింపుగా చెప్పుకున్నదా అని కనుక్కోండి. ఉత్తర నక్షత్రంలో ఒకటో పాదం మాత్రమే సింహంలో ఉంటుంది; మిగతా మూడు పాదాలూ కన్యలోకి వెళతాయి. ఒక పాదం నడిచే కాలం సుమారు ఆరు గంటలే కనుక, సమయంలో తేడా ఉంటే అబ్బాయి అగ్నిరాశి నుంచి భూరాశికి మారిపోవచ్చు. అలా మారితే వృశ్చికంతో సంబంధం 3-11 అవుతుంది, భకూటానికి అదీ శుభమే. నక్షత్రం మారదు కాబట్టి నాడి, గణం అలాగే ఉంటాయి. కన్యాధిపతి బుధుడితో కుజుడికి పొత్తు లేదు కనుక గ్రహమైత్రి గుణాలు మాత్రం బాగా తగ్గుతాయి, మొత్తం మళ్ళీ కూడి చూసుకోవాలి. సమయం రూఢి అయిన తరువాతనే పట్టిక తెరవమని మీ పంతులుగారితో చెప్పండి.